కియావ్ అంటే వాన

మా హువెషోత్సింకో ఊళ్లో బొమ్మలు రాసేవాణ్ణి నేను. మనిషి తల గీసి, పక్కన పేరు బొమ్మ వేస్తాను. పిట్ట పేరువాడికి పిట్ట, పాము పేరువాడికి పాము. సముద్రం దాటొచ్చిన దొరల పాదిరీలు నీళ్లు చల్లి, తమ పేర్లు పెట్టి ఊరు ఊరంతటినీ హువాన్‌లను చేసి పారేశారు. సంతలో హువాన్ అని కేకేస్తే సగంమంది వెనక్కి తిరుగుతారు! ఆ బొమ్మే లేకపోతే ఎవడెవడో వాళ్ల దేవుడికైనా తెలియదు.

నా ఒక్కగానొక్క కొడుకు కియావ్. అంటే వాన. వాడి బొమ్మ చినుకులు. దొరల యుద్ధానికి మూటలు మోయడానికి ఉత్తరాదికి పోయినవాడు, రెండు పంటలు ఇంటికొచ్చినా రాలేదు. ఇంతలో దొర ఊరి లెక్క రాయమన్నాడు. మా లెక్కలో చచ్చినవాడికి కన్ను మూసి గీస్తాం. విధవకు చెంపమీద కన్నీటి చుక్కలు పెడతాం.

"కోడలికి చుక్కలు పెట్టెయ్యరాదూ? ఇంకా ఎన్నాళ్లు చూస్తావు?" అన్నాడు వాడ పెద్ద.

"నీ నోట్లో మన్ను పడ!" అన్నాను.

నా కోడలు నెకావల్ రొట్టెల పెనం దగ్గరనుంచి లేచి వచ్చింది. "మావయ్యా, నా చెంపమీద చుక్క పడిందా, మీ చేత్తో మీరే ఆయన్ని చంపినట్టు. చెప్తున్నా."

"నేనెందుకు పెడతానే పిచ్చిదానా?"

వాడి కన్ను ఇంత పెద్దది చేసి, తెరిచి గీశాను. పక్కనే కోడల్ని గీశాను. బెరడు కాయితం ఇరుకైపోయి చినుకుల్ని ఇద్దరి మధ్యా ఇరికించాల్సి వచ్చింది.

చర్చి వాకిట్లో దొర ముందు లెక్క చదివారు. చదివింది దుబాసీ, పాదిరీల దగ్గర పెరిగిన మావాడే. మా ఇంటి బొమ్మ దగ్గరికి వచ్చి వేలు పెట్టి, "నెకావల్. విధవ" అన్నాడు.

కోడలు నిలుచున్నచోటే కూలబడింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"కళ్లున్నాయా, కాకులు పొడిచాయా? అవి కన్నీళ్లు కాదురా, వాన! నా కొడుకు పేరు! వాడి కన్ను తెరిచుంది, కనబడటంలా?"

జనం నవ్వారు. ఒక్కడు నవ్వలేదు. నా కొడుకుతో కలిసి మూటలు మోసిన సోలిన్. ఆ పొద్దున్నే ఊళ్లోకి వచ్చి, మా కంట పడకుండా వెనకాల నిలబడ్డాడట. తల వంచుకొని ముందుకు వచ్చాడు.

"బాబాయ్, అతన్ని తిట్టకు. అతను తప్పు చదవలా. కియావ్ దారిలో జ్వరమొచ్చి పోయాడు. నా చేతుల్తోనే పూడ్చాను. మీకెట్టా చెప్పాలో తెలీక..."

తర్వాత ఎవరేమన్నారో నాకు తెలియదు. దుబాసీ కాయితం తెచ్చి నా ముందు పరిచాడు. కుంచె మసిలో ముంచాను. రేపు నా కన్ను మూయాల్సినవాడు వాడు. వాడి కన్ను నేను మూశాను.

ఇక కోడలి చెంప మిగిలింది. కుంచె ఎత్తాను. నెకావల్ లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు మావయ్యా, వేరే చుక్కలెందుకు? ఆయన పేరుందిగా, చాలు."