తల జాగ్రత్త

జట్టులో మిగిలింది ఒక్క చోటు. పోటీలో అక్కాచెల్లెళ్లు ఇద్దరే. అక్క టవర్ మీద నుంచి డైవ్ చేసేసింది. పాయింట్లలో ముందుంది గానీ వెంట్రుకవాసి తేడా. ఇక చెల్లెలి ఆఖరి డైవ్ బాగా కుదిరిందా, అక్క ఇంటికే.

సైకాలజిస్టు అక్కను పక్కకు పిలిచింది. పోయినేడు వెనక్కి దూకినప్పుడు చెల్లెలి తల టవర్ కాంక్రీటు అంచుకు కొట్టుకుంది. నీళ్లు ఎర్రబడ్డాయి. ఆ భయం వదిలించడానికి ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది.

"ఇప్పుడు ఆ అంచు సంగతే మర్చిపోయింది. పైకెక్కేముందు దెబ్బ మాట ఎవరూ ఎత్తకూడదు. జాగ్రత్త అని కూడా అనొద్దు. మీ అమ్మానాన్నలకీ చెప్పాను. నువ్వు కాస్త కనిపెట్టుకుని ఉండమ్మా."

"నాకు చెప్పాలా మేడమ్?" అంది అక్క.

మెట్ల దగ్గర చెల్లెలు తువ్వాలు విసిరింది. "ఏంటే అక్కా, ఆ మొహం? నీ చోటు లాగేసుకుంటాననా?"

"లాక్కోవే కోతీ, ఎవరొద్దన్నారు?" అక్క ఆమె తడిజుట్టు సర్దింది. వేళ్లు పాత మచ్చ మీద ఆగాయి. "తల జాగ్రత్త, బంగారం."

పక్కనున్న కోచ్ ఆ ప్రేమకి మురిసిపోయాడు. చెల్లెలి నవ్వు సగంలో ఆగింది.

పైన, వీపు నీళ్లవైపు పెట్టి నిలబడింది చెల్లెలు. చెయ్యి దానంతటదే తల వెనక్కి పోయింది. అంచుకు దూరంగా పడాలన్న కంగారులో మరీ బయటికి తన్నుకుంది. గిరికీ సగంలోనే చెదిరింది. వెల్లకిలా పడింది. చెంప పగిలినట్టు చప్పుడు.

అక్క తువ్వాలులో మొహం దాచుకుంది. ఏడుస్తోందనుకున్నారంతా.

గదిలో, కమిలిపోయిన వీపుకు అక్క మందు రాస్తుంటే చెల్లెలు వెక్కింది. "నువ్వొక్కదానివే హెచ్చరించావు. మిగతావాళ్లకి పట్టనేలేదు. నేనే దద్దమ్మని."

"పోనీలేవే" అంది అక్క, చెయ్యి వణక్కుండా.

పెద్ద పోటీ రోజు వచ్చింది. అక్క పైన వీపు తిప్పి నిలబడింది. అదే డైవ్. కళ్లు మూసుకుని కూడా చేయగలదు. ఇన్నేళ్లలో అంచు గురించి ఒక్కసారైనా ఆలోచించిన పాపాన పోలేదు.

హాలు నిశ్శబ్దమైంది. కింద నుంచి చెల్లెలు ప్రాణమంతా గొంతులో పెట్టుకుని అరిచింది.

"అక్కా! తల జాగ్రత్త!"

అక్క మునివేళ్ల కింద కాంక్రీటు మొదటిసారి గరుగ్గా తగిలింది.

ఇక దూకమని ఈల మోగింది.