నిండుకున్న బ్యాటరీ

నేను ఒక రిమోట్ కారుని. ఎర్ర రంగు, లావు చక్రాలు, లోపల వేలెడంత మోటారు. నా పెట్టె మీద కొండలూ వాగులూ దాటుతున్న బొమ్మ వేశారు. అదే పెట్టె అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, తడి తగలనీయవద్దని రాశారు. మనుషులు ఆశపెట్టే మాట పెద్దగానూ, భయపెట్టే మాట చిన్నగానూ రాస్తారు.

నన్ను మొదట కొనుక్కున్నది ఒక ఆఫీసరుగారి అబ్బాయి. వానలో తిప్పి, తుడవకుండా మంచం కిందికి నెట్టేశాడు. ఇరుసులు తుప్పుపట్టి బిగుసుకుంటే "చెత్త సరుకు" అన్నాడు. వాళ్ళింటి జాకెట్లు కుట్టే నాగవేణి కొలతలకి వచ్చినప్పుడు నన్ను ఆవిడ సంచిలో పడేశారు.

అలా కాకినాడలో, నాలుగు చినుకులకే మునిగిపోయే ఒక సందులోకి వచ్చాను.

నాగవేణి కూతురు చైత్రకి ఉబ్బసం. తడిస్తే చాలు, గుండెల్లో పిల్లికూతలు. సందులో పిల్లలందరూ నీళ్ళలో గెంతుతుంటే ఆ పిల్లని గడపలో ఆపడం ఎవరి తరం? అందుకే నాగవేణి నన్ను బాగుచేయించింది. పిల్ల అరుగు మీద ఉంటుంది, బదులుగా నేను తడుస్తాను. నేను ఆగిపోతే పిల్ల దిగుతుంది. ఆవిడ భయమంతా అదే.

నా లోపలి సర్క్యూట్‌ని బెలూనులోకి దూర్చి, మూతి దారంతో బిగించింది. తిరిగొచ్చాక బ్యాటరీ ఊడదీసి, నన్ను పాత గుడ్డతో తుడిచి, ఇరుసులకి కుట్టుమిషను నూనె వేసేది. ఆ వెంటనే పిల్ల వీపుకి చెవి ఆనించి వినేది.

"ఒసేయ్, కాలు కింద పెట్టావంటే కారు పొయ్యిలో పెడతా!"

"నేను పెట్టట్లేదమ్మా, కారే పెడతంది."

"దానికి కాళ్ళెక్కడివే, భడవా!"

నాగవేణి అత్తగారు సూరమ్మ. లేదు, అయిపోయింది లాంటి మాటలు ఆవిడ నోట రావు. ఆ ఇంట్లో దీపం కొండెక్కుతుంది, బియ్యం నిండుకుంటాయి. జబ్బు పిల్ల ఉన్న ఇల్లని ఇంకా జాగ్రత్త.

ఆ రోజు ముసురు. కరెంటు లేక బ్యాటరీకి ఛార్జింగు పెట్టలేదు. నాగవేణి జాకెట్లు ఇచ్చి రావడానికి వెళ్తూ, "అత్తయ్యా, పిల్లని దిగనీకండి" అని మరీ మరీ చెప్పింది.

చైత్ర బ్యాటరీ పట్టుకుని వంటగదిలోకి వెళ్ళింది. "మామ్మా, ఆడుకోనా?"

"అది నిండుకుందే తల్లీ. అమ్మ రానీ" అంది సూరమ్మ, పొయ్యి వైపే చూస్తూ.

"నిండిందంట!" అని నా చెవిలో చెప్పి, చైత్ర నన్ను వానలోకి వదిలింది.

నాలో మిగిలింది ఒక్క గుక్క. దాంతో సందు మధ్యదాకా పోయి, కాలవ పక్కన ఆగిపోయాను. పిల్ల మీట నొక్కింది. మళ్ళీ నొక్కింది. నీళ్ళు నా చక్రాలు దాటాయి.

"నిండింది కదా, రావేంటి?"

దిగింది. కాలు బురదలో దిగబడి, లాక్కుని, నా దగ్గరకొచ్చింది. గౌను ఎత్తి నన్ను అందులో చుట్టి పొట్టకి హత్తుకుంది. వాన దాని వీపు మీద పడుతోంది. "నీకు తడి తగలకూడదంట. ఏం కాదులే, అమ్మ తుడుస్తాది" అంది నాతో.

సాయంత్రానికి పిల్లికూతలు మొదలయ్యాయి. "నిండిందని మామ్మే చెప్పిందమ్మా" అంది చైత్ర, సూరమ్మ ఎదుటే, ఆయాసపడుతూ. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎత్తుకుని వెళ్ళిన నాగవేణి ఖాళీ చేతులతో తిరిగొచ్చింది.

చాలా రోజులు నేను అరుగు కిందే ఉన్నాను. మళ్ళీ ముసురు పట్టిన పూట ఆవిడ నన్ను ఒళ్ళోకి తీసుకుంది. బెలూను ముడి విప్పి లోపల వేలు పెట్టి చూసింది. పొడిగా ఉంది. ఒక్క చుక్క దిగలేదు.

"అమ్మాయ్, బియ్యం..." వంటగదిలోంచి సూరమ్మ గొంతు ఆగింది. కాసేపటికి, "అయిపోయాయి" అంది.

నాగవేణి నా ఇరుసుకి నూనె చుక్క వేసింది.