నీడ లేని స్నేహితురాలు

పడవలు ఒడ్డుకు వచ్చాక రోజారమణి ఇంటి ముందర కూర్చుని రొయ్యలు ఒలిచేది. పక్కనే కూతురు బిందు ఫోను పట్టుకుని కూర్చునేది. బిందుకు పద్నాలుగేళ్లు. పుట్టుకతోనే మాట రాలేదు. ఏ సంగతైనా నిదానంగా గానీ బుర్రకెక్కదు. ఫోనులో బొమ్మ మీద వేలు పెడితే అదే ఆమె బదులు మాట్లాడేది. 'ఆకలి.' 'నొప్పి.' 'అమ్మా, రా.' దగ్గర్లోని తడ ఊళ్లో ప్రత్యేక పిల్లల బడిలో వనజాక్షి టీచరు నేర్పిన విద్య అది.

పులికాట్ ఒడ్డునున్న ఆ పల్లెకు అది గిట్టలేదు. "మాట రాని దానికి ఫోనంట! మొగుడు చేపల లారీ మీద ఊళ్లు తిరగతా ఉంటే, ఈమె సోకులు చూడు," అని కుళాయి దగ్గర ఆడవాళ్లు వినపడేట్టే అనేవాళ్లు. రోజారమణి బిందె నింపుకుని తలెత్తకుండా వచ్చేసేది.

ఆ ఊళ్లో అబద్ధమాడితే నీడ తడుస్తుంది. ఎప్పట్నించో అంతే. చేపల బేరంలో కూడా జనం ముందు అవతలివాడి కాళ్ల దగ్గర ఇసక చూసి, ఆ తర్వాతే ముఖం చూసేవాళ్లు. మనుషుల్ని పోల్చుకోవడానికి బిందుకు తెలిసిన దారి అదొక్కటే. నీడ పొడిగా ఉంటే నమ్మేది.

వనజాక్షి భయమంతా దాని గురించే. "ఫోన్లో మాట్లాడేవాళ్ల నీడ మనకు కనపడదు బిందూ. తెలియనివాళ్లు ఏదడిగినా అమ్మకు చూపించు. అమ్మకు చెప్పొద్దన్నారంటే, పరిగెత్తుకుపోయి చూపించు," అని బొమ్మలు గీసి, ఆటలాడించి, విసుగు లేకుండా చెప్పింది.

ఎండాకాలంలో స్వీటీ అనే పిల్ల బిందుకు మెసేజీలు పెట్టడం మొదలుపెట్టింది. ఫోనే వాటిని చదివి వినిపించేది. "నువ్వే నా ఫ్రెండువి." ఊళ్లో ఎవరూ బిందును ఆ మాట అనలేదు. రోజంతా అదే మళ్లీ మళ్లీ విని నవ్వుకునేది. ఒక మధ్యాహ్నం స్వీటీ ఫోటో అడిగింది. ఎవరూ లేనప్పుడు తీసి పంపమంది. "మీ అమ్మకు చెప్పొద్దు. చెప్తే నీతో మాట్లాడను."

బిందు ఫోను ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, లేచి, ఫోను తెచ్చి రొయ్యల గంప మీద పెట్టింది.

రోజారమణి పెట్టిన కేకలకు జనం చేరారు. ఆమె మొగుడి అన్న కామాక్షయ్య ఊరి పెద్ద. కొడుకు మధుబాబును వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఎవత్తి బావా ఈ స్వీటీ? నా బిడ్డతో దానికేం పని?"

"నేను ముందే చెప్పినా. నీళ్లలో పారెయ్ ఆ ఫోన్ని!"

"అది ఫోను గాదు బావా. నా బిడ్డ నోరు."

"నోరంట! ఊరి పరువు తీసే నోరు," అని లాక్కున్నాడు. బిందు గొంతులోంచి మాట కాని అరుపు వచ్చింది. ఒక్కరూ అడ్డం రాలేదు. పీడ పోతుందిలే అన్నారెవరో.

"పారేయనీ పిన్నీ," అన్నాడు మధుబాబు. "ఆ స్వీటీ ఎవత్తో, యాడుంటాదో, మనకేం తెలుసు?"

ఎండ మండుతోంది. అతని కాళ్ల దగ్గర నీడ నల్లబడింది. ఇసక తడిసి, చెమ్మ అంచులు దాటి పాకింది.

అందరూ చూశారు. బిందు కూడా చూసింది. చూసి, తల్లి వెనక్కి జరిగింది.

కామాక్షయ్య చెయ్యి వదులైంది. ఫోను రోజారమణికిచ్చి, గొంతు తగ్గించాడు. "ఇంటి గుట్టు రమణీ. ఇంతటితో వదిలెయ్. వాడికి పెళ్లి కావాల."

"నా బిడ్డ బతకాల," అంది రోజారమణి.

ఆటోవాళ్లు ఎక్కించుకోలేదు. తల్లీకూతుళ్లు ఎండలో పోలీసు స్టేషన్‌కు నడిచారు. దారిలో తలుపులు ఒకటొకటే మూసుకున్నాయి. రేపట్నించి రొయ్యలు ఒలిచే పని ఎవరూ ఇవ్వరని రోజారమణికి అప్పుడే తెలిసింది. అయినా ఆగలేదు.

"ఏం జరిగిందమ్మా?" అని ఆడ కానిస్టేబులు రోజారమణినే అడిగింది.

రోజారమణి నోరు తెరిచేలోపు బిందు ఆమె చేతిలోంచి ఫోను తీసుకుంది. వేలు బొమ్మల మీద వెతుక్కుంటూ తిరిగింది.

"నేను చెప్తా," అంది ఫోను.

కానిస్టేబులు కుర్చీ బిందు వైపు జరుపుకుంది.