సువార్త అటకెక్కించిన టానిక్ సీసా

నేను ఒక ఇనుము టానిక్ సీసాను. గోధుమరంగు గాజు, తెల్ల మూత. కంపెనీవాళ్లు నా ఒంటిమీద ఎర్రబుగ్గల పిల్లవాడి బొమ్మ అంటించారు. అది చూసి రక్తం పుట్టించేది నేనేననుకున్నాను. చీరాల మందుల షాపులో కరుణమ్మ కూడా ఆ బుగ్గల్ని నమ్మే నన్ను కొంది. ఏడాదిన్నర మనవడు జోయెలు సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉన్నాడు మరి.

కోడలు సువార్త కొడుకుని చంకనెత్తుకుని, నన్ను సంచిలో వేసుకుని గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ పరీక్షల రిపోర్టులు చూసి నన్ను పక్కకి నెట్టింది.

“ఇది మానేయండమ్మా. వీడికి ఇనుము తక్కువై కాదు. రక్తకణాలు ఎముక మజ్జలో పుడతాయి. కణం లోపల ఒక ప్రొటీను కూర్చుని, ఎర్రకణంగా ఎదగడానికి, బతకడానికి కావలసిన జన్యువుల తాళాలు తీయాలి. వీడిలో అది సరిపడా తయారవడం లేదు. అందుకే పసి కణాలు ఎదగకుండానే చచ్చిపోతున్నాయి.”

“అంటే, వండేవాళ్లు లేని ఇంట్లో బియ్యం బస్తాలు దించినట్టా మేడం?”

“అంతే. వీడికి మేం ఎక్కించే రక్తంలోని ఇనుమే ఒంట్లో పేరుకుంటుంది. పైన ఇది కూడా పోస్తే గుండెకు ముప్పు. ఈ మాత్రలు వాడి చూద్దాం. కొందరి మజ్జ మేలుకుంటుంది, కొందరిది మేలుకోదు. మేలుకోకపోతే రక్తం ఎక్కిస్తూనే ఉండాలి.”

సువార్త బడి మధ్యలో మానేసిన పిల్ల. ఆ మాటలు మరిచిపోతానేమోనని బస్సులో దారిపొడుగునా పెదాలు కదుపుతూనే ఉంది. ఇంటికి రాగానే నన్ను అటకెక్కించింది. రోజూ పొద్దున్నే జోయెలు కింది కనురెప్ప లాగి, లోపల ఎరుపెక్కిందేమోనని చూసేది. తెలుపు. మర్నాడూ తెలుపే.

ఒకరోజు ఆమె నీళ్లకి వెళ్లినప్పుడు కరుణమ్మ నన్ను దించింది. చెంచా నింపి పిల్లాడి నోటిదాకా తెచ్చింది. సువార్త బిందె గుమ్మంలోనే వదిలేసి వచ్చి అత్త చెయ్యి పట్టుకుంది.

“అత్తమ్మా, వద్దు.”

“ఆరో తరగతి చదివి డాక్టరువయ్యావా? బిడ్డ పాలిపోతా ఉంటే చూస్తా కూర్చోమంటావా?”

“అది వాడి గుండెలో చేరుద్దంట. నన్ను తిట్టు, కొట్టు. వాడికి మాత్రం పొయ్యమాక.”

చెంచా ఒరిగింది. నా మందు చాప మీద ఒలికింది. ఆ మరక ఎదురుగానే ఇద్దరూ మాటల్లేకుండా తిరిగారు, మళ్లీ రక్తపరీక్ష చేయించేదాకా.

ఆసుపత్రి నుంచి ఫోను వచ్చినప్పుడు సువార్త స్పీకరు పెట్టి గోడకి ఆనుకుంది.

“కొత్త ఎర్రకణాలు కనబడుతున్నాయమ్మా. కొన్నే. కానీ బతుకుతున్నాయి. మాత్రలు ఆపొద్దు.”

కరుణమ్మ లేచింది. నన్ను తూములో ఒంపేసి, కడిగి, కొబ్బరినూనె పోసింది. నా బుగ్గల బొమ్మ నీళ్లకి ఊడిపోయింది. పోతే పోయింది.

ఇప్పుడు స్నానాల పీట పక్కన ఉంటున్నాను. నూనె రాసేటప్పుడు జోయెలు కుదురుగా కూర్చోడు. తల్లి వంగగానే బుల్లివేలితో ఆమె కింది రెప్ప లాగి, లోపల ఎరుపుందో లేదో తీరిగ్గా చూస్తాడు.