అన్నీ కలిపిన ధర

చింతపండు గింజలు తీస్తున్న జ్ఞానేశ్వరి ఒడిలో జగదీశ్వర్ ఒక కాగితం పడేశాడు. "జర తప్పులుంటే దిద్దు. పొద్దుగూకే లోపట ప్రెస్సుకియ్యాలె."

ఈ పని ఆమెకు కొత్త కాదు. బి.ఏ. చదివిన కోడలని సిద్దిపేట బజారంతా చెప్పుకున్న అత్తవారింట్లో ఆ చదువు ఇలాగే అక్కరకొస్తోంది. స్టీలు సామాన్ల దుకాణానికి దసరా కరపత్రం రాసేది ఆమే, దీపావళికి శుభాకాంక్షలు రాసేది ఆమే. కింద పేరు మాత్రం భర్తది. ఇప్పుడు దుకాణంతోపాటు యాత్రల వ్యాపారం కూడా మొదలుపెట్టాడు. సికింద్రాబాద్‌లో ఒక ఏజెంటు దొరికాడట.

చేతికంటిన పులుపు కొంగుకు తుడుచుకుని చదివింది. "విశాఖపట్నం నుంచి అండమాన్‌కు ఓడ ప్రయాణం. మనిషికి 1999 రూపాయలే!" అక్షరాలు పిడికిలంత ఉన్నాయి. అడుగున చీమ తలల్లాంటి అక్షరాల్లో ఇంకో వరుస: "పన్నులు, హార్బర్ చార్జీలు, భోజనాలు అదనం."

ఓడ అన్న మాట దగ్గరే ఆమె చూపు కాసేపు ఆగింది. జ్ఞానేశ్వరి సముద్రాన్ని చూడలేదు. కాలేజీలో భూగోళం మేడం గోడకు పటం వేలాడదీసి బెత్తంతో నీలిరంగు మీద గీస్తుంటే, ఒక్కసారైనా అన్ని నీళ్ల ముందు నిలబడాలనుకుంది. పెళ్లయ్యాక ఒక్క తిరుపతి తప్ప ఆమె ప్రయాణాలన్నీ దారిలో ప్రజ్ఞాపూర్‌లో చాయ తాగి, హైదరాబాద్‌లో సామాను కొని తిరిగి రావడంతోనే సరిపోయాయి. "ఈసారి నువ్వు గూడ వస్తున్నవ్" అని మొన్న ఆయన అన్నప్పుడు సంతోషం కలిగింది. ఆ వెంటనే అనుమానం కూడా కలిగింది. అడగకుండా ఇచ్చే అలవాటు ఆయనకు లేదు.

"గీ అడుగున ఉన్నది పైన ఎందుకు రాయలేదండీ? రేవు కాడికి పోయినంక మందిని నిలబెట్టి వసూలు చేస్తరా?"

"అందరు గట్లనే ఏస్తరు. ముందు తక్కువ జెప్తెనే బేరమొస్తది. పుట్టుకతోనే అనుమానం నీకు!"

పుట్టుకతో రాలేదు, ఈ ఇంట్లోకి వచ్చాకే వచ్చింది అనుకుంది. పెళ్లిచూపుల్లో అత్తగారు సుశీలమ్మ ఎంత మెత్తగా మాట్లాడింది! "మా ఇంట్ల పనేమున్నదమ్మా, ఉన్నదే నలుగురం." దుకాణం గుమాస్తాల పగటి భోజనాలు ఆ మాటలో లేవు. శ్రావణమాసమంతా దిగే చుట్టాలూ లేరు. "టీచర్ కొలువుకేంది, ఎప్పుడైన పోవచ్చు" అని జగదీశ్వర్ అన్న మాటకు "మా అమ్మకు మోకాళ్ల నొప్పులు తగ్గినంక" అన్న తోక ఉందని ఆమెకు పెళ్లయ్యాకే తెలిసింది. పెద్ద అక్షరాలు అందరికీ కనబడేట్టు పలుకుతారు. చిన్న అక్షరాలు వంటింట్లోకి వచ్చాకే చదవాలి.

"రేపు రేవు కాడ మందికి కోపమొస్తే ఏజెంటు మీద రాదు. దుకాణం మీదికొస్తది" అంది.

దుకాణం మాటెత్తితే ఆయన వింటాడు. కాసేపు గొణిగి, "సరే, అన్ని కలిపే రాయి" అన్నాడు. ఆమె ధర పెంచి రాసింది. దాని కిందే, అంతే పెద్ద అక్షరాల్లో, "పన్నులు, హార్బర్ చార్జీలు, భోజనాలు ఈ ధరలోనే ఉన్నాయి" అని రాసింది. రాస్తుంటే ఎందుకో ప్రాణానికి హాయిగా అనిపించింది.

ఆ హాయి అచ్చు ప్రతి వచ్చేదాకానే. ఆమె రాసిన మాటలన్నీ ఉన్నాయి. ధర మాత్రం మళ్లీ పాతదే.

"గిదెట్ల సాధ్యమైతది?"

"ఏజెంటుతోని మాట్లాడిన. ఖర్చు తగ్గిచ్చినం."

"ఏ ఖర్చు?"

"గవన్ని నీకెందుకు? అచ్చుతప్పులు సూడమన్న, అంతే."

తప్పులు చూసింది. ఒక్కటీ లేదు. అందుకే మరింత అనుమానం వచ్చింది. ప్రభుత్వం పన్ను తగ్గించదు. రేవు వాళ్లు ఊరికే వదలరు. ఇక మోసం చేసేవాడు ఏజెంటే. ఓడలో పడకలు ఇవ్వడేమో, సగం దారిలో చేతులెత్తేస్తాడేమో. నాలుగు రోజులు ఆమె ఆ ముఖం తెలియని మనిషినే మనసులో నిలదీసింది.

ఈలోగా ఇంట్లో కొన్ని వింతలు జరిగాయి. సంక్రాంతి ఎక్కడో ఉండగానే సుశీలమ్మ బియ్యప్పిండి, నువ్వులు తెప్పించింది. జగదీశ్వర్ అటక మీది పెద్ద వంట గంజులు దింపించాడు. అడిగితే, "తోమి పెట్టు, ఉపయోగపడ్తయి" అన్నాడు. జ్ఞానేశ్వరి తోమింది కూడా.

గంజులు ఎండలో బోర్లించి ఉండగా పక్కింటి ప్రమీలాదేవి వచ్చింది. ఆమె, భర్త ఇద్దరూ యాత్రకు డబ్బు కట్టేశారు.

"వదినా, మా ఆయనకు షుగరు గద. ఆయన మందం జొన్నరొట్టెలు యాదిమరువకు. ఓడల పొయ్యి ముట్టియ్యనియ్యరట, ముందుగాలనే చేసి కట్టాలె."

"నేను చేసుడేంది వదినా?"

"గట్లంటవేంది! వంటంత నువ్వేనని అన్నయ్య జెప్తెనే గద మేం పైసలు కట్టినం. మంది చేతి కూడు మనోళ్లెవరు తింటరు? నీ చేతి సకినాలు తినుకుంట సముద్రం సూస్తం, ఇగ మాకేం తక్కువ!"

ప్రమీలాదేవి నవ్వింది. జ్ఞానేశ్వరికి అందరూ కలిసి పోయిన తిరుపతి బస్సు గుర్తొచ్చింది. అప్పుడూ ఇలాగే సత్రంలో పొయ్యి పెట్టారు. అందరూ దర్శనానికి పోతుంటే ఆమె సాంబారు దించుతోంది. వాళ్లు తిరిగొచ్చేసరికి అన్నం వార్చింది. "నీ పేరు మీద గూడ మొక్కినలే" అని జగదీశ్వర్ ఆమె చేతిలో లడ్డూ పెట్టాడు. అది తీయగానే ఉంది. కొండ మీదిదాకా వెళ్లి దేవుణ్ణి చూడని మనిషిగా తిరిగొచ్చింది. ఇక సముద్రం కూడా అంతే. విశాఖలో సత్రం వెనక పొయ్యి, ఓడలో మూటలు విప్పి వడ్డించడం, ఆవల దిగగానే మళ్లీ పొయ్యి.

మధ్యాహ్నం భోజనానికొచ్చిన భర్తకు వడ్డిస్తూ, "తగ్గిచ్చిన ఖర్చు నేనేనా?" అని అడిగింది.

ఆయన తల ఎత్తలేదు. "వంటామెను పెడితే ఆమెకొక టికెట్టు, మీద కూలి. నువ్వైతే మన మనిషివి. ఉట్టిగనే ఓడెక్కుతున్నవ్, ఇంకేం గావాలె?"

"ఇంట్ల చేసేదే గదనే, గాడ చేస్తవు" అంది సుశీలమ్మ గడప దగ్గర కూర్చుని. "తిరుపతిల చెయ్యలేదా?"

"చేసిన అత్తమ్మా. దేవుణ్ణి సూడలేదు."

జగదీశ్వర్ మజ్జిగ అడిగాడు. పోసింది. ఆయన చెయ్యి కడుక్కుని కునుకు తీసేలోపు ఆమె చీర మార్చుకుని, ఇంకా ప్రెస్సుకు తిరిగి పంపని అచ్చు ప్రతి తీసుకుని బజారుకు నడిచింది.

ప్రెస్సులో రాజమల్లయ్య అక్షరాలు పేరుస్తున్నాడు. ఇన్నేళ్లుగా ఆమె చేతిరాత చూస్తున్నాడు గానీ మనిషిని చూడటం ఇదే మొదలు. ఆమె నిలబడే కలం తీసి, "హార్బర్ చార్జీలు" తర్వాత ఒక మాట చేర్చింది: "వంటమనిషి కూలి." పైన ధర కొట్టేసి కొత్త ధర వేసింది.

రాజమల్లయ్య కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. "సేటుకు ఎరుకేనా అమ్మా? ఆయన అడిగితే ఏమని జెప్పాలె?"

"ఎప్పుడు రాసేటామెనే రాసిందని జెప్పు."

"ధర పెరిగింది గద. మంది తగ్గుతరేమో."

"పెరగలేదు రాజమల్లయ్యా" అంది జ్ఞానేశ్వరి కలానికి మూత పెడుతూ. "అసలు ధర గదే. ఇన్నొద్దులు మిగిలింది నేను కట్టిన."