మొదటి వరసలో అన్నయ్య

పొద్దుటి నుంచీ కళ్ల ఆసుపత్రి వాళ్లు ఫోన్ మీద ఫోన్. సర్వర్లు చూసుకునే ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది. ఇరవై ఏళ్లుగా ఇదే కుర్చీ, ఇదే నడుం నొప్పి.

ఒక్క సర్వర్లో అరవై వెబ్‌సైట్లు సర్దుకుని కాపురం చేస్తున్నాయి. వచ్చినవాళ్లు గుమ్మంలోనే ఫలానా సైటు కావాలని పేరు చెప్పాలి. ఆ పేరు చూసి సర్వర్ ఆ సైటు సర్టిఫికెట్, అంటే గుర్తింపు కార్డులాంటిది, చూపిస్తుంది. పేరు చెప్పకపోతే మాత్రం జాబితాలో మొదట ఎవరుంటే వాళ్లదే చూపిస్తుంది.

ఆసుపత్రిలో టోకెన్లిచ్చే యంత్రాలు పాతకాలానివి. పేరు చెప్పడం వాటికి చేతకాదు. నిన్న ఆసుపత్రి సైటు ఈ సర్వర్‌కి మారింది. అప్పటి నుంచీ వాటికి ఎవరిదో గడియారాల రిపేరు దుకాణం సర్టిఫికెట్ ఎదురై, మాకొద్దంటూ మొరాయిస్తున్నాయి. కంటికి కట్టుతో ముసలివాళ్లు గంటలకొద్దీ నిలబడుతున్నారు.

"ఆసుపత్రిని మొదట పెడితే సరిపోతుందిగా? అసలు ఆ గడియారాల కొట్టు ఇంకా నడుస్తోందా?" అన్నాడు ఆవిడ ఆఫీసు మేనేజరు.

"యంత్రాలు మార్చుకోమంటే..." అని ఆవిడ నీళ్లు నమిలింది.

"ఆర్నెల్లు పడుతుందట మేడమ్."

కొట్టు మూతపడి మూడేళ్లయింది. అది ఆవిడ అన్నయ్యది. సర్వర్ కొత్తగా పెట్టిన రోజు, పనిచేస్తుందో లేదో చూద్దామని మొట్టమొదట వాడి సైటే ఎక్కించింది. "నా చెల్లెలి దగ్గర నేనే ఫస్టు" అని ఊరంతా చెప్పుకున్నాడు వెర్రి మానవుడు. వాడు పోయాక కూడా, ఏటా సర్టిఫికెట్ దానంతటదే మారే ఏర్పాటు తీసెయ్యలేదు. మనసు బాగోలేనప్పుడు ఏ సైటు పేరూ లేకుండా సర్వర్ నంబరు ఒక్కటే కొట్టి, బ్రౌజర్ చేసే హెచ్చరిక దాటేస్తే చాలు, ఫొటోలో భూతద్దం కంటికి పెట్టుకుని నవ్వుతూ అన్నయ్య వచ్చేసేవాడు.

కట్టు కట్టుకున్నవాళ్లు గుర్తొచ్చి సిగ్గేసింది. జాబితాలో రెండు వరసలు అటూఇటూ మార్చి సర్వర్‌ని మళ్లీ మొదలుపెట్టింది. కాసేపటికి యంత్రాలు పనిచేస్తున్నాయని ఫోనొచ్చింది. మేనేజరు హమ్మయ్య అంటూ టీకి వెళ్లాడు.

అలవాటుగా నంబరు కొట్టింది. ఆసుపత్రి పేజీ వచ్చింది.

దుకాణానికీ సైటుకీ వాడు తన పేరే పెట్టుకున్నాడు. ఈ మూడేళ్లలో ఆ పేరు ఆవిడ నోటితో అనలేదు, చేత్తో రాయలేదు. ఇక పేరు పెట్టి పిలిస్తేనే వస్తాడు. చివరికి ఒక్కొక్క అక్షరమే కొట్టడం మొదలుపెట్టింది.