కింది వరస నుంచి

"చెమటైనా పట్టడం లేదు, నీకు ఫ్యానెందుకే?" అంటూ మా ఆయన అటుగా పోతూ పోతూ స్విచ్ కట్టేశారు. ఆయన గది నుంచి వంటింటికి పోయే దారిలోనే నా బల్ల. నా బల్లంటే భోజనాల బల్లే, కంచాలు తీసేశాక అది నా ఆఫీసు. తలుపున్న గది ఆయనది, ఎందుకంటే ఆయన ఫోన్లో మాట్లాడతారు. ఈ ఇంట్లో మాట్లాడటం పని, చదవడం ఖాళీగా కూర్చోవడం.

ఫ్యాను ఆగగానే చెవిలో హోరు లేచింది. ఏడాదిన్నరగా ఎడమ చెవిలో సన్నటి కూత, క్షణం ఆగదు. నాకు ఫ్యాను గాలికి కాదు, చప్పుడుకి. అది తిరుగుతుంటే నా హోరు కాస్త వెనక్కి తగ్గుతుంది. ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పానో. "మరి నీ చెవిలో మోగేది నాకు వినపడదేం?" అని అడిగిన మేధావి ఆయన. ఆయనకి పన్ను నొప్పి వచ్చినప్పుడు నాకెందుకు నొప్పెట్టడం లేదని నేను అడగలేదు, మూడు రోజులు అన్నీ మెత్తగా వండి పెట్టాను. అత్తగారు ఇంకో మెట్టు పైన. "మాకూ మోగేవమ్మా చెవులు. పనిలో పడితే అవే పోయేవి." ఆవిడ ఆ మాట అంటున్నప్పుడు నేను ఆరేస్తున్నవి ఆవిడ దుప్పట్లే.

మందు పెట్టెలో మడతపెట్టి ఒక కాగితం ఉంటుంది కదా, ఎవరూ చదవకుండా పారేసేది, దాన్ని అచ్చుకి ముందు చదివేది నేను. వరస కింద స్కేలు పెట్టుకుని, చివరి వరస నుంచి పైకి చదువుతాను. పై నుంచి చదివితే అర్థం మనల్ని లాక్కుపోతుంది, తప్పు కంటపడదు. పోయిన వారం పిల్లల దగ్గు మందు. రెండున్నర మిల్లీలీటర్లు ఉండాల్సిన చోట అంకెల మధ్య చుక్క ఎగిరిపోయి ఇరవై అయిదు అయింది. సరిగ్గా నేను ఆ వరసలో ఉన్నప్పుడే ఫ్యాను ఆగింది, గదిలోంచి టీ కోసం పిలుపు వచ్చింది. లేచాను. తిరిగొచ్చి, ఆ వరస అయిపోయిందనుకుని పై వరస చదివాను. నా తర్వాత చూసే ఆవిడ పట్టుకుంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏ పసిదాని గొంతులో పడేదో! "ఇంకోసారి ఇలా అయితే పిల్లల మందులు మీకివ్వలేనండీ" అన్నాడు ఫోన్లో మా మేనేజరు. ఆ సంగతి చెబితే మా ఆయన నవ్వారు. "చుక్కే కదే!" చొక్కాకి ఒక గుండీ ఊడితే ఇల్లు పీకి పందిరేసే మనిషి!

చెవుల డాక్టరమ్మ మాత్రం దాచకుండా చెప్పింది. "ఈ చప్పుడు ఆగదమ్మా. ఆపాలని చూడకండి. అది పిలిచినప్పుడల్లా దాని వెంట పోకండి, అంతే. వినపడుతోందని ఒప్పుకుని, చేతిలో పనికి తిరిగి రండి. వందసార్లు పోతే వందసార్లు రండి." మా ఆయన పక్కనే కూర్చుని గడియారం చూసుకుంటున్నారు. ఆ మాటలు వినుంటే బాగుండేది, పాపం.

ఇవాళ పిల్లల జ్వరం మందు. అయిదింటికల్లా పంపాలి. లేచి ఫ్యాను వేసి, స్విచ్ మీద అడ్డంగా ప్లాస్టరు అంటించాను. కూర్చుని స్కేలు సర్దుకున్నాను. హోరు ఉంది. ఉండనీ. మోతాదుల వరస దగ్గరికి వచ్చేసరికి గదిలోంచి కేక.

"టీ అయిందా?"

వేలు చుక్క మీద పెట్టాను. చుక్క ఉంది.

"వాడు పిలుస్తున్నాడమ్మా" అన్నారు అత్తగారు, వంటింటి గుమ్మంలో, పొయ్యికి రెండడుగుల దూరంలో నిలబడి.

పక్క అంకె చూశాను. అదీ సరిగ్గానే ఉంది.

తలుపు తెరుచుకుంది. "ఏమే, నిన్నే! వినపడుతోందా?"

"వినపడుతోందండీ" అన్నాను. స్కేలు ఒక వరస పైకి జరిపాను.